ఇరవై నిమిషాల నీళ్ళు

నా చిన్నప్పుడు, ఫిబ్రవరి నెల రెండో ఆదివారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, నేను మా చర్చి గంటను ఇరవై నిమిషాలు ముందు కొట్టాను. పొరపాటున కాదు. గడియారం ఎదురుగా కూర్చుని, పెద్దముల్లు ఎనిమిది అంకె మీదికి వచ్చేదాకా చూసి, లేచి వెళ్ళి కొట్టాను. అప్పటికి నాకు పదేళ్ళ నాలుగు నెలలు.

మాది శావల్యాపురం దాపున ఒక ఊరు. ఊరికి తూర్పున మా పేట, పేట మొదట్లో పెంకుల చర్చి, దాని పక్కన అయ్యగారి ఇల్లు. పాస్టరు గారిని మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. చర్చి ముందు వేపకొమ్మకు గొలుసుతో వేలాడే రైలు పట్టా ముక్కే మా గంట. ఆదివారం మూడుసార్లు కొట్టాలి. ఎనిమిదింటికి మొదటి గంట, అంటే పనులు ముగించి స్నానాలు చేయమని. తొమ్మిదింటికి రెండోది, బయలుదేరమని. తొమ్మిదిన్నరకు మూడోది, ఆరాధన మొదలవుతోందని.

పద్దెనిమిదేళ్ళపాటు ఆ గంట కొట్టింది మా నాయనమ్మ. ఆవిడ కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోయేసరికి సంఘ పెద్దలు కూర్చుని ఎవరికి అప్పగించాలా అని మాట్లాడుకున్నారు. ఆడపిల్లకేమిటన్నారు ఒకరిద్దరు. అయ్యగారు నన్ను పిలిచి, తన ఇంటి గోడ గడియారం చూపించి, టైమెంతో చెప్పమన్నారు. ఏడుంబావుకు రెండు నిమిషాలు తక్కువ అన్నాను. పెద్దల్లో ఇద్దరు నా వైపు కాకుండా గడియారం వైపు అనుమానంగా చూశారు. అలా గంట నాకు వచ్చింది. ఆ ఫిబ్రవరి నాటికి పద్నాలుగు ఆదివారాలు, నలభై రెండుసార్లు కొట్టాను. ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. ఈ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతుండేదాన్ని.

ఆ గంటతో చర్చికి ఎంత పనో ఊరికీ అంత పని ఉండేది. మిరప కోతల రోజుల్లో మా పేట ఆడవాళ్ళు ఆదివారం కూడా తెల్లవారుజామునే ఊరి ఆసామి చేలోకి కోతకు వెళ్ళేవాళ్ళు. మొదటి గంట వినపడగానే సంచి దించి రావచ్చని ఆసామితో ఒప్పందం. అంతకన్నా పెద్దది నీళ్ళ సంగతి. సాగర్ కాలువ మా వైపు వచ్చిన కొత్తలు. పిల్ల కాలువ కింద రైతులకు వంతుల ప్రకారం నీళ్ళు. ఊరంతటికీ చేతి గడియారాలు నాలుగు, ఆ నాలుగూ నాలుగు టైములు చూపించేవి. ఆ తగాదా పడలేక, ఆదివారం ఎనిమిది గంటల వంతు మాత్రం మా చర్చి మొదటి గంటకు మారాలని రైతులంతా కలిసి ఒప్పుకున్నారు. ఎవరి దేవుడు ఎవరైనా ఆ గంట మాత్రం అందరిదీ. ఈ సంగతి నాకు తెలియదని రాస్తే అబద్ధమవుతుంది. తెలుసు. ఆ ఉదయం గుర్తు రాలేదు, అంతే.

ఎందుకు గుర్తు రాలేదంటే, మా చిన్నత్త. మా నాన్న ఆఖరి చెల్లెలు, అప్పటికి పదిహేడేళ్ళది, మా ఇంట్లోనే ఉండేది. అయ్యగారి తమ్ముడు గురజాల నుంచి ఆ ఆదివారం వస్తున్నాడనీ, హార్మోనియం వాయిస్తాడనీ, వాళ్ళింట్లో చిన్నత్త మాట అనుకుంటున్నారనీ పేటలో అందరికీ తెలుసు. తెలియనట్టు తిరుగుతున్నది చిన్నత్త ఒక్కతే. ఆమెకు వచ్చిన కష్టం ఏమిటంటే, ఎనిమిదింటికి చేను దిగి వస్తే, తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుని, చేతుల మంట పోయేలా మజ్జిగ పులుముకుని తయారయ్యేసరికి టైము చాలదు. మిరప కోసిన చెయ్యి ఊరికే కడిగితే పోయే మంట కాదు. ఆ చేత్తో కళ్ళు తుడుచుకుంటే ఇక పెళ్ళివాళ్ళ ముందు ఏడుస్తూ కూర్చోవాల్సిందే.

శనివారం సాయంత్రం నన్ను దొడ్లోకి పిలిచి, రేపొక్కరోజు గంట కాస్త ముందు కొట్టమని అడిగింది. నేను ఒప్పుకోలేదు. ఎనిమిదంటే ఎనిమిదే అన్నాను. ముందు కొడితే అబద్ధం చెప్పినట్టు, అబద్ధం పాపం అని సండే స్కూల్లో చెప్పిన మాట ఆవిడకే తిరిగి చెప్పాను. నాకు సండే స్కూలు చెప్పేది చిన్నత్తే.

"నువ్వేం అబద్ధం చెప్పబళ్ళా" అంది చిన్నత్త. "నోరు మూసుకుని కొట్టు, చాలు. గంటేమన్నా ఎనిమిదైందని మాట్లాడుద్దా?"

ఈ వాదం నాకు సబబుగానే తోచింది. పైగా ఒక ఎర్ర రిబ్బను నా చేతిలో పెట్టింది, కొత్తది, ఇంకా మడత విప్పనిది. ఎన్ని నిమిషాలు ముందు అని అడిగాను. ఇరవై అంది. ఇరవై ఒకటైతే కొట్టనని చెప్పి రిబ్బను తీసుకున్నాను. నా నిజాయితీ అంతా ఆ ఇరవై ఒకటో నిమిషం దగ్గర నిలబెట్టుకున్నానన్నమాట.

అయ్యగారు శనివారం రాత్రి పక్క ఊళ్ళో ప్రార్థన కూడిక పెట్టుకుని, ఆదివారం తొమ్మిదిలోపు సైకిలు మీద వచ్చేవారు. ఆయన భార్య, మా అమ్మగారు, పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉన్నారు. కాబట్టి గడియారం ముందు నేను తప్ప ఎవరూ లేరు. కొట్టి వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాను. కాసేపటికి చేల వైపు నుంచి ఆడవాళ్ళ నవ్వులు వినపడ్డాయి. ఇంకాసేపటికి గడియారం తనంతట తాను ఎనిమిది కొట్టింది. ఎనిమిది దెబ్బలూ నేనొక్కదాన్నే విన్నాను. ఆ ఇంట్లో అప్పుడు ఎవరైనా ఉండి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని గరిటెతో కందిపప్పు బద్ద తీసి వేళ్ళతో నలిపి చూస్తోంది. ఆదివారం ఎసట్లో వేసిన పప్పు మొదటి గంటకు మెత్తబడుతుంది, పద్దెనిమిదేళ్ళుగా అంతే. ఆ రోజు గంట మోగిన చాలాసేపటికి గానీ బద్ద నలగలేదు. నాయనమ్మ మూత పెట్టి, లేచి, కొంగు దులుపుకుని, "పదవే, చేల దాకా పోయొద్దాం. నీకు లెక్కలంటే ఇష్టం గదా" అంది.

పిల్ల కాలువ చిట్టచివర సాయిబు తాత చేను. వరసకు తాత అని పిలవడమే గానీ మాకు చుట్టం కాదు. బండి చక్రాలు చేసే పని మానేశాక కూడబెట్టుకున్నదానితో పాతిక సెంట్లు కొనుక్కున్నాడు. ఎర్రనేల, నీళ్ళు నిలవని నేల. ఆ పాతిక సెంట్లలో మిరప వేశాడు. మొదటి కోత అయిపోయి, చెట్లన్నీ రెండో పూత మీద ఉన్నాయి. ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆయన వంతు. ఎనిమిది తర్వాత నీళ్ళు పైనున్న ఆసామి చేలోకి తిరుగుతాయి. మేము వెళ్ళేసరికి తాత లేడు, అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. గంట వినపడగానే చేలోకి నీళ్ళు వచ్చే మడవను తానే మట్టితో కట్టేసి, పార గట్టు మీద పెట్టి వెళ్ళినట్టున్నాడు. మట్టి మీద ఆయన అరచేతి గుర్తు ఇంకా తడిగానే ఉంది.

నాయనమ్మ గట్టు మీద కూర్చుని సాళ్ళు లెక్కపెట్టమంది. మొత్తం ఇరవై ఏడు. తడిసినవి ఎన్ని అంది. ఇరవై ఒకటి. తడవనివి ఆరు. తూము నుంచి ఇక్కడిదాకా నీళ్ళు నడవడానికి అరగంట పడుతుందని చెప్పింది. మరి రెండు గంటల వంతులో చేలోకి పారేది ఎంతసేపు అంది. గంటన్నర, తొంభై నిమిషాలు అన్నాను. ఇరవై ఏడు సాళ్ళకు తొంభై నిమిషాలైతే ఆరు సాళ్ళకు ఎంత అంది. వేపపుల్లతో మట్టి మీద లెక్క వేశాను. చివరి అంకె వేయకముందే నాకు అర్థమైంది. అయినా వేశాను. ఇరవై వచ్చింది.

"సరిగ్గానే వచ్చిందా?" అంది నాయనమ్మ.

వచ్చిందన్నాను. ఆవిడ లేచి ఇంటి దారి పట్టింది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. వెనక్కి నడుస్తూ నేనే ఆగలేక, తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చినాయన కథ సండే స్కూల్లో చెప్పారనీ, ఆ ప్రకారం నేను ఎనభై నిమిషాల నీళ్ళు ఇవ్వాలనీ అన్నాను. నాయనమ్మ నవ్వింది. "ముందు ఇరవై ఎట్టా తెస్తావో చూడు" అంది.

తొమ్మిదింటికి రెండో గంట, తొమ్మిదిన్నరకు మూడో గంట సరిగ్గా కొట్టాను. సుత్తి ఎప్పటికన్నా బరువుగా ఉంది. చర్చిలో అప్పటికే హార్మోనియం మోగుతోంది. చిన్నత్త ఆరిన జుట్టుతో, పసుపు రంగు ఓణీతో, ఆడవాళ్ళ వరసలో రెండో చాప మీద కూర్చుంది. నిజం రాయాలంటే ఆ ఇరవై నిమిషాలు ఆమెకు బాగానే పనికొచ్చాయి. అయ్యగారి తమ్ముడు రెండు కీర్తనల్లో మూడు చోట్ల తప్పు మెట్టు నొక్కాడు.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉండేవి. ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి నిలబడి, ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునేవాళ్ళు. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన గేదె దొరికిందనో. పిల్లలు లేవడం లేదు. నేను నాలో నేను లెక్క వేసుకున్నాను. చెబితే గంట పోతుంది. గంట తప్ప నాకు ఊళ్ళో వేరే పేరు లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, నాయనమ్మ చెప్పదు. కానీ వచ్చే ఆదివారం ఎనిమిదింటికి నేను గంట కొడితే ఆ ఎనిమిదిని నమ్మేదెవరు? ఊరంతా నమ్ముతుంది, నేను తప్ప. అది ఊహించుకుంటే గంట పోవడం కన్నా ఘోరంగా తోచింది.

లేచాను. ఏడు గంటల నలభై నిమిషాలకు గంట కొట్టాననీ, అందువల్ల సాయిబు తాత చేలో ఆరు సాళ్ళు తడవలేదనీ, తప్పు నాదేననీ చెప్పాను. చిన్నత్త పేరు ఎత్తలేదు. రిబ్బను తీసి కానుకల పళ్ళెంలో పెడదామనుకున్నాను గానీ, అది లంచం, దేవుడికి లంచం పెట్టకూడదు గదా అని జడలోనే ఉంచేశాను.

అప్పుడు రెండో చాప మీద నుంచి చిన్నత్త లేచింది. ఆమెకు లేవాల్సిన పని లేదు. లేవకపోతే ఆమె పేరు ఎప్పటికీ బయటికి రాదు. హార్మోనియం వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ, "కొట్టమంది నేనే. దానికి రిబ్బనిచ్చి కొట్టించా. నా జుట్టు ఆరాలని" అంది.

మగవాళ్ళ వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత చర్చి మొత్తం నవ్వింది, ఒక్క సంఘ పెద్ద తప్ప. ఆయన లేచి, గంట తొమ్మిది ఆదివారాలపాటు నా చేతిలోంచి తీసేస్తున్నట్టు చెప్పాడు. తొమ్మిదే ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. బయటికి వస్తుంటే అత్తలూ పిన్నులూ బుగ్గలు పుణికారు. నాకు ఎంత తేలికగా ఉందంటే, దాదాపు గర్వంగా కూడా ఉంది. నలభై రెండుసార్లు సరిగ్గా కొట్టిన సంగతికి ఇప్పుడు ఈ సంగతి కూడా కలిపి చెప్పుకోవచ్చని అనిపించింది.

నాయనమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. నా ముఖం చూడగానే కనిపెట్టేసింది.

"దేవుడికి చెప్పావు, సంఘానికి చెప్పావు. మంచిదే" అంది. "నీళ్ళు పోయింది వీళ్ళెవరివీ కాదుగా. పోయినాయన చర్చికి రాడు."

ఆ మాట ఇన్నేళ్ళలో నేను ఎన్నోసార్లు తిరగేసి చూసుకున్నాను. చర్చిలో లేచి నిలబడటం కష్టమే, కానీ అక్కడున్నవాళ్ళంతా నా వాళ్ళు. అక్కడ తప్పు ఒప్పుకున్నవాళ్ళను దగ్గరికి తీసుకుంటారని నాకు ముందే తెలుసు. సాయిబు తాత ఏమంటాడో నాకు తెలియదు. ఆయన ఇంటికి నడిచిన నాలుగు వందల అడుగులే ఆ రోజు నేను చేసిన అసలు పని. చిన్నత్త నా చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమె చెయ్యి ఇంకా మిరప ఘాటుకు వెచ్చగా ఉంది.

తాత అరుగు మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. నేను నిలబడే చెప్పాను, చర్చిలో చెప్పిన మాటలే, అదే వరసలో. తాత నూనె రాయడం ఆపాడు. తర్వాత ఎన్ని నిమిషాలు అని అడిగాడు. ఇరవై అన్నాను. సరిగ్గా ఇరవయ్యేనా అన్నాడు. సరిగ్గా ఇరవై అన్నాను. ఆయన లోపలికి తిరిగి, ఇంట్లో ఉన్న అవ్వతో గట్టిగా అన్నాడు.

"విన్నావటే? నా కాళ్ళు బాగానే ఉన్నయ్. గంటే దొంగది."

"గంట కాదు తాతా, నేను" అన్నాను.

"కాళ్ళు బాగుంటే ఇట్టా వచ్చి ఈ కట్టెలు చీల్చు మరి" అంది అవ్వ లోపలి నుంచి.

సంగతి ఏమిటంటే, ఆయన ఆ ఉదయం గంటను అనుమానించలేదు. తననే అనుమానించుకున్నాడు. ఆరు సాళ్ళు మిగిలిపోయాయంటే తాను తూము దగ్గరికి ఆలస్యంగా వెళ్ళి ఉంటాడని, నడక మందగించిందని, మడవ తిప్పే చురుకు చేతుల్లో పోయిందని అనుకున్నాడు. ఇంటికి వచ్చి అవ్వతో, ఇక నా వల్ల కాదు, వచ్చే ఏడు చేను కౌలుకిచ్చేద్దాం అని చెప్పి నూనె రాసుకుంటూ కూర్చున్నాడు. మేము ఆయనకు తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళాం. ఆయన మాత్రం తాను ముసలివాడు కాలేదన్న కబురు విన్నాడు. ఆ మనిషి అరుగు దిగి, ఆ నూనె కాళ్ళతోనే మా ముందు అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు వేసి చూపించాడు. చిన్నత్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది, ఆ చేత్తోనే. తర్వాత అరగంట ఏడ్చింది.

నేను చెప్పకుండా ఊరుకుని ఉంటే ఆయనకు పోయేది నీళ్ళొక్కటే కాదన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. నా లెక్కలో ఆరు సాళ్ళే ఉన్నాయి. ఆయన కాళ్ళ మీద ఆయనకున్న నమ్మకం అందులో లేదు.

ఇక మిగిలింది నీళ్ళు. మళ్ళీ వంతు వారానికి గానీ రాదు, ఆ లోపు పూత రాలిపోతుంది. కాలువలో బిందెలు ముంచుదామని చిన్నత్త అంటే, ఇప్పుడది ఆసామి వంతు, ముంచితే మళ్ళీ దొంగతనమే అన్నాను. కాబట్టి పేట మంచినీళ్ళ బావే గతి. సాలుకు నలభై ఆరు చెట్లు, ఆరు సాళ్ళకు రెండు వందల డెబ్భై ఆరు. చెట్టుకు రెండు చెంబులు, బిందెకు ఆరు చెంబులు. తొంభై రెండు బిందెలు. బావి నుంచి చేనుకు నా అడుగులు మూడు వందల పది. ఈ లెక్క చెప్పగానే చిన్నత్త నేల మీద కూలబడింది.

మేమిద్దరం మొదలుపెట్టాం. ఎవరినీ పిలవలేదు. మూడో బిందెకు నాయనమ్మ వచ్చి గట్టు మీద కూర్చుని ఎడమ చేత్తో చెంబు అందుకుంది. చర్చి నుంచి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు, కాసేపటికి ఇళ్ళల్లోంచి బిందెలు తెచ్చారు. నాకు అనుమానం వచ్చింది. ఆదివారం పని చేయకూడదు గదా అని నాయనమ్మను అడిగాను.

"ఇది పనని ఎవరన్నారే? పొద్దున ప్రార్థనలో మిగిలిన ముక్క" అంది.

మొత్తం పద్దెనిమిది మందిమి మోశాం. అయ్యగారు పంచె ఎగ్గట్టి వచ్చారు, ప్రసంగం గంట తగ్గించుకున్నా సరిపోయేదని ఎవరో అంటే విననట్టు ఊరుకున్నారు. హార్మోనియం ఆయన పట్నం చెప్పులతో వచ్చి, గట్టు మీద రెండుసార్లు జారి పడ్డాడు. రెండు బిందెలూ అప్పటికే తడిసిన సాళ్ళలో ఒలికాయి గనక వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ మాట ఆయనకే చెప్పాను. అవ్వ బొబ్బర్ల గుగ్గిళ్ళు వండి పెద్ద పళ్ళెంలో పెట్టుకొచ్చింది. తాత ప్రతి చెట్టు మొదట్లోనూ వేలు పెట్టి తడి చూస్తూ, అదుగో అక్కడ ఇంకో చెంబు, ఇక్కడ చాలు అంటూ మా అందరి మీదా పెత్తనం చేశాడు. ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. తాతకు ఆ పాట రాదు, అయినా పల్లవి దగ్గర తన గొంతు కలిపాడు.

మధ్యలో ఊరి ఆసామి వచ్చాడు. ఆదివారం నా చేలో ఎనిమిది తర్వాత కాయ కొయ్యం అన్నవాళ్ళు ఇక్కడ బిందెలు మోస్తున్నారేమిటని నిలదీశాడు. నాయనమ్మ నా వైపు చూసింది. మూడోసారి చెప్పాను. మూడోసారికి మాటలు కాస్త తేలికగానే వచ్చాయి. ఆయన ముఖం ఎర్రబడింది. తన చేలో కోత కూడా ఇరవై నిమిషాలు ముందే ఆగిపోయిందని అప్పుడు ఆయనకు తట్టింది. పద్నాలుగు మంది కూలీలు, ఇరవై నిమిషాలు అని ఆయన వేళ్ళు మడుస్తుంటే, రెండు వందల ఎనభై నిమిషాలు అని నేను సాయం చేశాను. నాయనమ్మ నన్ను గిల్లింది. కానీ ఆసామికి నవ్వొచ్చింది, రాకుండా ఆపుకోవాలని చూసి ఓడిపోయాడు.

"నాకు పని పోయింది, నీళ్ళొచ్చినయ్. ఆ నీళ్ళు నాయి కావు" అన్నాడు తాతతో. "వచ్చే ఆదివారం ఎనిమిదీ ఇరవైకి మడవ తిప్పుతా. ఇరవై ఒకటికి మాత్రం కాదు."

ఆ మనిషి మీద నాకు అప్పటి నుంచి చాలా గౌరవం.

పన్నెండుంబావుకు మొదలుపెట్టిన పని రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకు ముగిసింది. తలా అయిదు బిందెలు, అంటే తొంభై. మిగిలిన రెండూ చిన్నత్తా నేనూ తెచ్చాం. చిన్నత్త ఆరబెట్టుకున్న జుట్టు మళ్ళీ తడిసి ముద్దయింది, ఓణీ నిండా ఎర్రమట్టి. ఆ సంవత్సరం మే నెలలోనే హార్మోనియం ఆయనతో ఆమె పెళ్ళయింది. చర్చిలో నువ్వు లేచి నిలబడటం చూసి ఒప్పుకున్నాడా అని చాలా ఏళ్ళ తర్వాత అడిగాను. కాదట. ఆయన రెండోసారి పడ్డప్పుడు తాను నవ్వకుండా బిందె అందుకున్నందుకట. "మూడోసారి పడుంటే నవ్వేదాన్నే" అంది చిన్నత్త.

తొమ్మిది ఆదివారాలు నాయనమ్మే ఎడమ చేత్తో గంట కొట్టింది. గంట నా చేతిలోంచి పోయింది గానీ గడియారం పోలేదు. నేను లోపల కూర్చుని ముల్లు చూసి కేకేస్తే ఆవిడ సుత్తి ఎత్తేది. పదో ఆదివారం సుత్తి నా చేతికిచ్చి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను పెద్దయ్యాక లెక్కల టీచరునయ్యాను. నరసరావుపేటలో ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పాను. ఒకసారి పరీక్ష పేపర్లో ఒక పిల్లవాడి మార్కులు కూడటంలో తొమ్మిది తగ్గించి వేశాను. హెడ్మాస్టరు గారికి చెప్పి రిజిస్టరులో దిద్దాను. అక్కడితో అయిపోయిందనుకోబోయి, బస్సెక్కి వెల్దుర్తిలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్లవాడు అప్పటికే తనకు లెక్కలు రావని తేల్చుకుని పుస్తకాలు అటక మీద పడేశాడు.

ఇప్పుడు మా చర్చి యూత్ కూడికల్లో పిల్లలు నన్ను పిలిచి ఏదైనా చెప్పమంటారు. ఏ ఉద్యోగం ఎంచుకోవాలి, స్నేహితులతో ఎంతవరకు వెళ్ళాలి, విశ్వాసం ఎక్కడ అడ్డం నిలబడుతుంది అని అడుగుతారు. పెద్ద పెద్ద జవాబులు నా దగ్గర లేవు. మొన్న మా మనవరాలు కాలేజీ స్టాండులో తన బండి తీస్తూ పక్క బండి అద్దం విరగ్గొట్టి, ఎవరూ చూడలేదని వచ్చేసి, రాత్రి ప్రార్థనలో క్షమించమని అడుక్కుందట. ఆ బండి ఎవరిదో కనుక్కున్నావా అని మాత్రం అడిగాను. ముఖం ముడుచుకుని ఫోను పట్టుకుని బయటికి వెళ్ళింది. గంట తర్వాత నవ్వుతూ వచ్చింది. తప్పు చేసిన రోజున ఎవరికి పోయిందో వాళ్ళింటికి ముందు నడవడం, ఆ ఆదివారం నుంచి నాతో ఉన్నది అదొక్కటే. అది కూడా ప్రతిసారీ చేశానని రాయను. రెండుసార్లు చేయలేదు. ఆ రెండూ నాకు గుర్తున్నాయి.

ఆ రోజు వల్ల పోయినవి ఇవి. ఇరవై నిమిషాల కాలువ నీళ్ళు, మరుసటి ఆదివారం పూర్తిగా తిరిగి వచ్చాయి. ఆసామికి రెండు వందల ఎనభై నిమిషాల కోత, తిరిగి రాలేదు, ఆయన అడగలేదు. బిందెలు మోసినా నిలవక ఎండిపోయిన మిరప చెట్లు పంతొమ్మిది. నా చేతిలో గంట, తొమ్మిది ఆదివారాలు. ఒక ఎర్ర రిబ్బను, చిన్నత్తకు తిరిగి ఇచ్చేశాను.